సోమశిల ఒడ్డున ఇరవై ఏడు చిల్లులు

ఏడాదికోసారి మేం ముగ్గురు స్నేహితులం సముద్రపు ఒడ్డున ఉన్న రిసార్టుకు వెళ్లి, రెండు రోజులు గోల్ఫు ఆడి వస్తాం. ఈ మాట వనపర్తిలో ఎవరికి చెప్పినా ముందు నా కాళ్ల వంక చూస్తారు, ఆ తర్వాత మొహం వంక. కాళ్లకు హవాయి చెప్పులుంటాయి. మొహంలో మాత్రం ఏ లోటూ ఉండదు.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కొంచెం సాగదీయడం ఉంది, అంతే. సముద్రం అంటే సోమశిల దగ్గర కృష్ణ. శ్రీశైలం డ్యాము వెనక నీళ్లు అక్కడిదాకా ఎక్కి నిలబడితే అవతలి ఒడ్డు కర్నూలు జిల్లాలో ఉందో కాశీలో ఉందో తెలియదు. మేం పాలమూరోళ్లం, బావిలో మోకాటి లోతు నీళ్లు కనిపిస్తే కొబ్బరికాయ కొట్టే జాతి. అన్ని నీళ్లు ఒక్కచోట చూశాక కూడా దాన్ని సముద్రం అనకపోతే కళ్లు పోతాయి. రిసార్టు అంటే గుడి పక్కన సత్రంలో ఒక గది. గదికి కిటికీ ఉంది, కిటికీకి తలుపుల్లేవు, కాబట్టి సముద్రపు గాలి ఇరవై నాలుగ్గంటలూ వస్తుంది. స్నానాలకు ఎదురుగా కృష్ణానది ఉంది. అంత పెద్ద స్నానాలగది ఏ గొప్ప హోటల్లో ఉందో చూపించమనండి, నా మీసం తీసేస్తాను.

ఇక గోల్ఫు. మాలో ఒకడు గద్వాలలో బస్సు కండక్టరు. అతని బావమరిది హైదరాబాదులో ఒక గోల్ఫు మైదానంలో గడ్డి కత్తిరించే పనిలో ఉండేవాడు. అక్కడి దొరలు పారేసిన కర్ర ఒకటి, అరిగిపోయిన బంతులు పద్నాలుగు తెచ్చి బావకు కానుకగా ఇచ్చాడు. కండక్టరు వాళ్లమ్మకు చూపు అంతంతమాత్రం. ఆ బంతులు ఏదో సీమకోడి గుడ్లనుకొని, పొదుగుకొచ్చిన కోడి కింద పెట్టింది. కోడి ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చుంది. ఇరవై రెండో రోజు లేచి, ఒక్కో బంతినీ ముక్కుతో పొడిచి చూసి, ఊరు విడిచి వెళ్లిపోయింది. గోల్ఫు బంతి మీద కనిపించే గుంటలన్నీ ఆ కోడి పొడిచినవేనని కండక్టరు ఇప్పటికీ వాదిస్తాడు.

రెండో ఆయన నాగర్‌కర్నూల్‌లో డ్రిల్లు సారు. చదువుకునే రోజుల్లో వనపర్తిలో ముగ్గురం ఒకే అద్దె గదిలో ఉండేవాళ్లం. ఇంటర్ మీద ప్రేమ కొద్దీ ఆయన దాన్ని మూడుసార్లు చదివాడు కాబట్టి మాకంటే వయసులో పెద్ద. మేమిద్దరం అన్నా అంటాం, ఆయన మమ్మల్ని నోటికొచ్చింది అంటాడు. మూడోవాణ్ని నేను, వనపర్తిలో ఫొటో స్టూడియో నడుపుతాను. నల్లగా వచ్చినవాణ్ని తెల్లగా, బక్కగా వచ్చినవాణ్ని బొద్దుగా చూపించి పంపడం నా వృత్తి. ఆ అలవాటు నోటికి కూడా పాకిందని గిట్టనివాళ్లు అంటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఈ యాత్ర మొదలుపెట్టాం. శివరాత్రి జాతర జనం ఖాళీ అయ్యాక వచ్చే శని, ఆదివారాలు మావి. అప్పటికి నీళ్లు వెనక్కి తగ్గి, ఒడ్డు వెంట నల్లటి ఒండ్రునేల బయటపడి ఉంటుంది. డ్రిల్లు సారు గడ్డపారతో తొమ్మిది గుంతలు తవ్వుతాడు. ఆయన గుంత తవ్వితే తాడు పట్టి కొలిచినట్టుండేది. ఒకటే కర్ర, ముగ్గురం మార్చుకుంటూ ఆడతాం. నియమాలు మాకెవరూ చెప్పలేదు, టీవీలో ఒకసారి చూశాం. ఒకాయన కొడతాడు, మిగతావాళ్లు ఎండలో నడుస్తారు. ఎండలో నడవడం మాకు కొత్త కాదు.

లెక్క రాయడంలో మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేని పద్ధతి మాది. మొదటి ఏడు పెన్సిలుతో రాస్తే, నా దెబ్బలు మధ్యాహ్నానికల్లా సగానికి తగ్గిపోయాయి. ఎలా తగ్గాయో నాకు తెలియదు. రెండో ఏడు నుంచి కండక్టరు టికెట్లకు చిల్లులు పొడిచే పంచ్ జేబులో వేసుకొచ్చాడు. బంతిని ఎవరు ఒక దెబ్బ కొట్టినా వాళ్ల పేరు కింద కాగితం మీద టిక్కుమని ఒక చిల్లు.

"రాతైతె తుడుస్తవ్. చిల్లును తుడువు సూద్దాం" అన్నాడు నాతో.

ఆట అయ్యాక ఆ కాగితం మీద ముగ్గురం సంతకాలు పెట్టాలి. ఎక్కువ చిల్లులు పడ్డవాడు ఆ సాయంత్రం చేపలు కడగాలి. ఆరేళ్లలో డ్రిల్లు సారు ఒక్కసారి కూడా చేప ముట్టలేదు. నేను కడిగిన చేపల్ని వరసగా పేర్చుకుంటూ పోతే సోమశిల నుంచి శ్రీశైలం దాకా వస్తాయి.

ఏడో ఏడు కథ వేరు. అంతకుముందు వానాకాలంలో, పంద్రాగస్టు కవాతు కోసం పిల్లల్ని వరసలు కట్టిస్తూ డ్రిల్లు సారు మైదానంలోనే కూలబడ్డాడు. పక్షవాతం. ఇరవై రోజులు దవాఖానలో ఉన్నాడు. కాలు కుంటుతూనైనా తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడేసిన సంచిలా ఉండిపోయింది. పిడికిట్లో రబ్బరు బంతి పెట్టుకొని రోజూ పిసకమని డాక్టరు చెప్పాడు. ఆ బంతిని కిటికీలో పెట్టి రోజూ దాన్ని చూస్తూ కూర్చునేవాడు.

శివరాత్రి దగ్గరపడ్డాక ఫోన్ చేశాను.

"నేను రాను రా. మీరు పోండ్రి" అన్నాడు.

ఆ ముక్క విన్నాక కండక్టరు గద్వాల నుంచి వనపర్తికి, ఇద్దరం కలిసి వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు వెళ్లాం. వదిన తలుపు తీసి, మేం అడగకముందే ఆయన బట్టల సంచి తెచ్చి కండక్టరు చేతిలో పెట్టింది.

"తీస్కపోండ్రి తమ్మీ. ఆరు నెలల నుంచి గోడలకు పాఠం చెప్తుండు. సీటీ కూడ పెట్టెల పెట్టి తాళమేసిండు" అంది.

సీటీ అంటే ఆయన ఈల. మెడలో ఆ ఈల లేకుండా ఆయన్ని చూడటం, కొమ్ముల్లేని ఎద్దును చూసినట్టుంది.

"నన్నడగకుంటనే సంచి సదిరినవా?" అన్నాడాయన లోపలి నుంచి.

"నిన్నడిగితె ఈ జన్మల సదరను" అంది వదిన.

కొల్లాపురం మీదుగా సోమశిల చేరేసరికి పొద్దు వాలుతోంది. పడవలవాళ్ల దగ్గర చేపలు చూసొస్తానని కండక్టరు వెళ్లాడు. మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. డ్రిల్లు సారు ఎడమచేత్తో చొక్కాజేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నాకిచ్చాడు. ఆరోగ్యం సహకరించనందున స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేయదలచానని దరఖాస్తు. అక్షరాలు వానలో తడిసిన కోళ్లలా తలో దిక్కుకు ఉన్నాయి.

"ఎడమచేత్తోని మూడు దినాలు రాసిన. సోమారం కొల్లాపురంల పోస్టు చేస్త. మీ వదినకు తెల్వదు" అన్నాడు.

"ఇంకా తొమ్మిదేండ్ల సర్వీసుంది కదన్నా!"

"సీటీ కొట్టి చెయ్యి ఎత్తితె నాలుగు వందల మంది పిల్లలు గా చెయ్యి దిక్కు చూస్తరు. గా చెయ్యే లేవకపోతె ఎటు చూడాలె? డ్రిల్లు సారు అని జీతం తీసుకుంట కుర్చీల కూసోమంటవా?"

కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి ఆయన జేబులో పెట్టేశాను.

"వానికి చెప్పకు. ఏడుస్తడు" అన్నాడు, చేపలతో వస్తున్న కండక్టరును చూపించి.

నేను కండక్టరుకు చెప్పలేదు. ఎప్పుడు ఎవరడిగినా చెప్పలేదనే చెబుతాను.

తెల్లారి డ్రిల్లు సారు టీ తాగుతుండగా మేమిద్దరం గడ్డపార పట్టుకొని ముందే ఒడ్డుకు వెళ్లాం. ఈసారి గుంతలు మేమే తవ్వాలి కదా. వెళ్లి చూస్తే నోరు తెరుచుకుపోయింది. నేలంతా గుంతలే! తాడు పట్టి తవ్వినట్టు వరసలు వరసలుగా, ఒక్కోటి జానెడు వెడల్పు, అడుగున మెత్తగా చివికిన పశువుల ఎరువు.

"మనమొస్తున్నమని ఎవరో తయారు చేసి పెట్టిన్రు రా!" అన్నాడు కండక్టరు, గడ్డపార కింద పడేసి.

"ఎరువెందుకేసిన్రు?"

"బంతి పడ్డంక ఎగిరి బయటకు రాకుండ. హైదరాబాదుల గిట్లనే ఏస్తరంట."

సత్రం నుంచి డ్రిల్లు సారును నడిపించుకొచ్చి ఒక రాయి మీద కూర్చోబెట్టాం. ఆడనన్నాడు. చూస్తే చాలన్నాం. ఆయన గుంతల వంక చూసి, "అరేయ్, గవి పుచ్చకాయ గుంతల లెక్క ఉన్నయి రా" అన్నాడు. రైతు బిడ్డ మాట వినాల్సింది. గోల్ఫు మత్తులో ఉన్నవాళ్లకు మాటలు వినబడవు.

ఆ పొద్దు నేను ఆడిన ఆట భూమ్మీద ఇంతవరకు ఎవరూ ఆడలేదు. ఎటు కొట్టినా బంతి ఏదో ఒక గుంతలో పడుతోంది. వరసగా పదకొండుసార్లు ఒక్క దెబ్బకే గుంత. పన్నెండోసారి కళ్లు మూసుకొని కొట్టాను, అప్పుడూ పడింది. ఏ గుంత కోసం కొట్టావని కండక్టరు అడిగాడు. పడిన గుంత కోసమే అన్నాను. అతను అసూయతో పంచ్‌ను మామూలుకంటే గట్టిగా నొక్కాడు. గుంత నుంచి గుంతకు పరుగులు తీస్తూ మేం తొక్కిన తొక్కుడుకు రెండు వరసల గట్లు విరిగి గుంతల్లోకి జారాయి. లెక్క రాసే కాగితం కూడా ఎప్పుడు జారిందో ఎరువులో పడి మెత్తగా నానిపోయింది.

అప్పుడు వినిపించింది గొంతు. కృష్ణకు అవతల కర్నూలు జిల్లాలో పక్షులు లేచిపోయాయి.

"ఓ సార్లూ! మీకు ఇండ్లు లేవా, వాకిండ్లు లేవా? నా గుంతలల్ల ఏం దేవులాడుతున్నరు?"

అరవై ఏళ్లు దాటిన అవ్వ. ఒక చేతిలో సద్దిమూట, ఇంకో చేతిలో తడిగుడ్డలో కట్టిన విత్తనాలు. కండక్టరు కర్రను వీపు వెనక దాచాడు. కర్ర అతని తలకంటే పైకి కనబడుతోంది.

"గోల్ఫు ఆడుతున్నం అవ్వా" అన్నాను.

"ఏం ఫూ?"

"ఆట."

"మీసాలు నెరిసినయి, ఆటనా? ఇది మా మామ భూమి. ఎనిమిది నెలలు నీళ్లకు, నాలుగు నెలలు మాకు. గా నాలుగు నెలలల్ల గూడ మీరు తయారైండ్రా? నీళ్లే నయం. చెప్పకుంట వస్తయి గని, గంతులేయవు."

డ్రిల్లు సారు రాయి మీద నుంచి లేచి, కుంటుతూ వచ్చాడు. "తప్పయింది అవ్వా. వీళ్లకు తెల్వదు. గుంతలు మేమే సరిచేసి ఇస్తం" అన్నాడు.

"సరిచేసుడొకటే కాదు, గింజలు గూడ ఏసి పోవాలె. నానబోసిన గింజలివి. మొలక పలుగుతున్నయి, ఎండెక్కితె మాడిపోతయి" అని మూట విప్పింది. ముగ్గురికీ పంచడానికి గుప్పిట్లో గింజలు తీసింది. డ్రిల్లు సారు ఎడమచెయ్యి చాపాడు.

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎడమచేత్తోని ఇత్తనం ఏస్తరా ఎవరన్న? సార్లయి ఉండి గింత తెల్వదా?"

"అవ్వా, అన్నకు కుడిచెయ్యి పక్షవాతమొచ్చింది" అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి.

అవ్వ దగ్గరికొచ్చి, సంతలో ఎద్దు గిట్టను చూసినట్టు ఆ చేతిని పైకెత్తి, తిప్పి, వదిలి చూసింది.

"సచ్చిందా?"

ఆరు నెలల్లో ఆయన ముందు ఎవరూ అనని మాట అది.

"చావలే" అన్నాడు డ్రిల్లు సారు.

"మరి ఉన్నది గద. ఉన్న చేత్తోనే ఎయ్యి. గుంతకు మూడు గింజలు" అని ఆ కుడిచేతి వేళ్ల మధ్య గింజలు పెట్టి, తన వరసకు తాను వెళ్లిపోయింది.

మొదటి గుంత దగ్గర ఆయన వంగి, మణికట్టును ఎడమచేత్తో పట్టుకొని కుడిచెయ్యిని గుంత మీదికి తెచ్చుకున్నాడు. గింజలన్నీ గుంతకు బయట పడ్డాయి. రెండో గుంతలో సున్నా. మూడో దాంట్లో ఏడు ఒకేసారి. నేను సాయం చేయబోతే కండక్టరు నా చొక్కా పట్టి లాగాడు. మేమిద్దరం విరిగిన గుంతలు చేతులతో బాగుచేసి, నాలుగు వరసలు వేసి వచ్చేసరికి ఆయన ఒక్క వరసలో సగం దాటాడు. చెమటకు చొక్కా తడిసి ముద్దయితే విప్పి సర్కారు తుమ్మ మీద ఆరేశాడు. బనీను మీద మళ్లీ వంగాడు. ఎవరూ తొందరపెట్టలేదు. అవ్వ అయితే అటు చూడను కూడా లేదు. పని చేసేవాణ్ని నిలబడి చూడటం ఆ ఇంటావంటా లేనట్టుంది.

వరస చివర ఆయన అక్కడే చతికిలబడి, మట్టి అంటిన వేళ్లను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు మెల్లగా, చాలా మెల్లగా, ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి.

"అరేయ్, గింజ వట్టుకుంటున్నయి రా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

అవ్వ సద్ది విప్పి జొన్నరొట్టెలు తలా సగం ఇచ్చింది. పల్లికారం పెట్టింది. నేను ఆ రోజు తొమ్మిది రొట్టెలు తిన్నాను. మూట మొత్తంలో నాలుగే ఉన్నాయని కండక్టరు అంటాడు. అతనిది టికెట్ల లెక్క, నాది ఆకలి లెక్క. రొట్టెలయ్యాక అవ్వ కర్ర వంక చూసి, "గా కట్టెతోని ఏం ఆడుతరో జర సూపియ్యండ్రి. తిట్టినదానికన్న తెల్సుకోవాలె గద" అంది.

"మాలో మొనగాడు గీ అన్ననే అవ్వా" అన్నాడు కండక్టరు.

"అయితె ఆయననే ఆడమను."

డ్రిల్లు సారు వద్దనలేదు. రొట్టె పెట్టిన చేతికి ఎదురు చెప్పడం కష్టం. నీళ్ల అంచున గట్టి నేల మీద కండక్టరు ఒక గుంత తవ్వాడు. దూరం నాలుగు వందల అడుగులు. సరే, నూట యాభై అనుకోండి. గింజలు కట్టిన తడిగుడ్డతో అవ్వ ఆయన కుడిచెయ్యిని కర్రకు చుట్టి కట్టింది. పైన ఎడమచెయ్యి, కింద కుడిచెయ్యి.

"కాయితం?" అన్నాను. లెక్క లేకపోతే అది ఆట కాదు.

కండక్టరు అటూఇటూ చూసి, తుమ్మచెట్టు మీది చొక్కాజేబులో చెయ్యి పెట్టి ఒక మడత కాగితం తీశాడు. మడత విప్పలేదు. పంచ్ తీసి నిలబడ్డాడు.

మొదటి దెబ్బకు కర్ర బంతికి బెత్తెడు పైనుంచి పోయింది. టిక్. రెండోది బంతిని తాకింది, బంతి బద్ధకంగా ఒక పొర్లు పొర్లి ఆగింది. టిక్. మూడో టిక్కు అప్పుడు నేను కాగితాన్ని గుర్తుపట్టాను. మడత అంచున వానకోడి అక్షరాలు, 'విరమణ' అన్న మాట నడుమ గుండ్రంగా ఒక చిల్లు.

నా నోరు ఎప్పుడూ అడక్కుండానే తెరుచుకుంటుంది. పెళ్లిళ్లలో తెరుచుకుంది, చావులలో తెరుచుకుంది, ఒకసారి మా ఆవిడ ఉపవాసం రోజు కూడా తెరుచుకుంది. ఆ పొద్దు మాత్రం రెండు పెదాలూ పట్టి మూసుకున్నాను.

ఏడో దెబ్బకు ఆయన కాళ్లు ఎడం చేసి నిలబడటం మొదలుపెట్టాడు, పాత పద్ధతిలో. పదో దెబ్బకు నన్ను తిట్టాడు, నీడ పడుతోందని. పదిహేనో దెబ్బకు బంతి నీళ్లలోకి పోతే కండక్టరు ప్యాంటు మడిచి దిగి తెచ్చాడు. తెచ్చినందుకు అతన్ని కూడా తిట్టాడు, చెప్పింది ఒక చోటు, పెట్టింది ఇంకో చోటని. ఆరు నెలల తిట్లు బాకీ పడ్డాయి మాకు, అన్నీ ఒకేసారి అందాయి. కాగితం మాత్రం టిక్కు టిక్కున జల్లెడవుతోంది. మడతల మీద పొడుస్తున్నాడు కాబట్టి ఒక్క దెబ్బకు నాలుగు పొరల్లో నాలుగు చిల్లులు. చివరికి బంతి గుంత అంచు మీద ఆగి, ఆలోచించి, లోపలికి దిగింది.

నేను, కండక్టరు అరిచిన అరుపుకు పడవలవాళ్లు ఎవరో మునిగారనుకొని లేచి నిలబడ్డారు. అవ్వ మాత్రం గుంతలోకి వంగి చూసి తల ఎత్తింది.

"గింతేనా? గీ చిన్న గుంతల ఏసెటందుకా గింత కొట్లాట? చేత్తోని తీస్కపోయి ఏస్తె అయిపోతుండె గద!"

డ్రిల్లు సారు నవ్వాడు. పంద్రాగస్టు తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే, "కాయితమియ్యి, సంతకం పెడత" అన్నాడు.

కండక్టరు కాగితాన్ని అందించాడు. ఆయన మడతలు విప్పాడు. ఎండ ఆ చిల్లుల్లోంచి దూరి ఆయన బనీను మీద చుక్కలు చుక్కలుగా పడింది. నవ్వు ఆగిపోయింది. ఆయన నా వంక చూశాడు. నేను కృష్ణ వంక చూశాను.

"ఏమన్న ముఖ్యమైనదా అన్నా? నేను సదువలే, నాకేం తెల్సు?" అన్నాడు కండక్టరు. ముప్పై మంది ఎక్కితే ఎవరు టికెట్టు తీయలేదో మొహాలు చూసి చెప్పే మనిషి.

"మూడు దినాలు పట్టింది రా రాసెటందుకు."

"మళ్ల రాసుకో అన్నా. నాలుగు లైన్లే గద."

"నీకెట్ల తెల్సు నాలుగు లైన్లని?"

కండక్టరు చొక్కా అంచుతో పంచ్ తుడవడం మొదలుపెట్టాడు. నేనింకా కృష్ణ వంకే చూస్తున్నాను. ఆ రోజు కృష్ణ చాలా అందంగా ఉంది.

డ్రిల్లు సారు కాగితాన్ని మళ్లీ మడిచి, పైకెత్తి ఎండకు పట్టి, ఒక్కో చిల్లునూ లెక్కపెట్టాడు.

"ఇరవై ఏడు కొట్టినవ్. నేను ఆడింది ఇరవై ఆరు" అన్నాడు.

"ఇరవై ఏడే అన్నా! మొదటి దెబ్బ గాలిల పోయింది గద, గది మర్సినవ్."

"తగలంది దెబ్బెట్లయిత రా?"

"బస్సెక్కి కూసుంటె టికెట్టు తీయాలె. బస్సు కదిలిందా లేదా నాకు సంబంధం లేదు."

అరగంట సాగింది ఆ పంచాయితీ. అవ్వను మధ్యస్తం చెయ్యమని అడిగితే, రెండు వరసలు తొక్కినదానికి ఇంకో యాభై వేసుకోమంది. చివరికి ఇరవై ఏడే ఖాయమైంది. ఆయన కాగితం విప్పి, కింద తన పాత సంతకానికి పక్కన, వేళ్ల మధ్య నేను దూర్చిన పెన్నుతో కుడిచేత్తో ఒక గీత గీశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గిది పంపేటట్టు లేదు. మళ్ల రాస్త. గని ఎడమచేత్తోని రాయను. మూడు దినాల పరేషాన్ నాకొద్దు. కుడిచేత్తోని రాయొచ్చినంక రాస్త" అన్నాడు.

సోమవారం కొల్లాపురంలో పోస్టాఫీసు ముందు నుంచే నడిచాం. ఆయన అటు చూడలేదు. మేమిద్దరం మాత్రం పోస్టు డబ్బాకు, ఆయనకు నడుమ గోడలా నడిచాం. ఇంతకూ ఆట రోజు సాయంత్రం కడగవలసిన చేపలు? మొట్టమొదటిసారి ఆయన వంతు. ఎడమచేత్తో చేప, కుడిచేతి కింద రాయి. పొలుసు సగం పోయింది, సగం మేం తిన్నాం.

మే నెలలో నా స్టూడియోకు ఒక పోస్టుకార్డు వచ్చింది. దూడలు తాళ్లు తెంపుకొని పోయినట్టున్నాయి అక్షరాలు, ఒక్కోటి ఒక్కో సైజు. "పుచ్చకాయలు పండినయంట. అవ్వ కబురు చేసింది. రాండ్రి." ఎడమచేతి రాత నేను చూసిందే. ఇది అది కాదు.

సంతోషంగా గద్వాలకు ఫోన్ చేశాను.

"కుడిచేత్తోని కార్డు రాసిండంటె, ఇగ దరఖాస్తు గూడ రాస్తడు గద రా" అన్నాడు కండక్టరు.

ఆ మాటతో నా సంతోషం సగానికి సగం కిందపడింది. మాట మీద నిలబడే మనిషి ఆయన. రాయొచ్చినంక రాస్తానన్నాడు, రాయొచ్చింది. కొల్లాపురం బస్టాండులో ఆయన కోసం ఎదురు చూస్తున్నంతసేపు కండక్టరు జేబులో పంచ్‌ను తడుముకుంటూనే ఉన్నాడు. నాగర్‌కర్నూల్ బస్సు వచ్చింది. తోడు ఎవరూ లేరు, ఆయన ఒక్కడే దిగాడు. చొక్కాజేబు ఎత్తుగా ఉంది. మేమిద్దరం ఆ జేబు వంకే చూస్తున్నాం.

"ఏంది రా గట్ల చూస్తున్రు?"

"జేబుల ఏముందన్నా?" అన్నాడు కండక్టరు.

"ముందు నడువుండ్రి."

ఒడ్డున అవ్వ మడి నిండా తీగలు అల్లుకొని ఉన్నాయి. మా ఇద్దరి నాలుగు వరసలు తిన్నగా ఉన్నాయి. ఐదో వరస మాత్రం ఒకచోట ఏడు మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, పక్క గుంతలో ఏమీ లేక, ఆ పక్క గట్టు మీద ఎక్కడో రెండు, ఎవరో నడుస్తూ నడుస్తూ మరిచిపోయినట్టు పెరిగింది.

"నడుమ పీకేస్తనంటె మా కోడలు ఒప్పుకోలే. సారు వరస, ఉండనియ్యమంది. కాయ గూడ దీనికే ముందొచ్చింది" అంది అవ్వ.

వరస చివర పెద్ద కాయ ఉంది. నా లెక్కలో ఇరవై కిలోలు. నక్క ఒకటి మడి గట్టు మీద నిలబడి దాని వంకే చూస్తోంది, మా కంటే ముందు నుంచి చూస్తున్నట్టుంది. అవ్వ రాయి అందుకోబోయింది.

డ్రిల్లు సారు జేబులోంచి సీటీ తీశాడు. నోట్లో పెట్టుకొని ఊదాడు. నక్కకు కూడా నాగర్‌కర్నూల్ పిల్లలకున్న భయమే వచ్చింది, తోక ముడిచి పరుగు తీసింది. ఆ ఊపులోనే ఆయన కుడిచెయ్యి లేచింది, అలవాటుగా, ఎవరో పిలిచినట్టు. ఇక్కడ నేను పెంచి రాయను. భుజం దాకానే లేచింది. అక్కడ వణుకుతూ నిలబడింది.

"దరఖాస్తో?" అన్నాడు కండక్టరు. ఆగలేకపోయాడు.

"జూన్‌ల బడి తెరుస్తరు రా. పిల్లలను వరస కట్టించాలె, కవాతు మొదటి నుంచి నేర్పాలె. గవన్నీ పెట్టుకొని దరఖాస్తు రాసెటందుకు నాకేడ పురుసత్తుంది?" అని, చెయ్యి దించకుండానే మా వంక చూశాడు. "చెయ్యి ఎత్తినప్పుడు ఎటు చూడాలె?"

మేమిద్దరం వరసలో నిలబడి చెయ్యి వంక చూశాం. అవ్వ కూడా చూసింది.

తర్వాత కాయ కోశాం. ఆ ఏటి నుంచి ఏడాదికి రెండుసార్లు సముద్రానికి పోతున్నాం, శివరాత్రి తర్వాత గోల్ఫుకు, మేలో పుచ్చకాయలకు. గోల్ఫుకు వెళ్లినప్పుడు ముందుగా అవ్వను అడిగి, ఆమె చూపించిన చోటే గుంతలు తవ్వుతాం. డ్రిల్లు సారు చేపలు కడగడం మళ్లీ మానేశాడు. కడిగేది ఎవరో నేను చెప్పను.